చీల తలలు

ఆ వీధిలో అందరూ ఆయన్ని బొటనవేలు మేస్త్రి అనేవారు. చాటుగానే. ఎదురుపడితే మేస్త్రిగారూ అనేవారు. ఎవరింటికి వెళ్లినా, కూర్చోమంటే, కూర్చునే ముందు కుర్చీ అతుకు మీద బొటనవేలు ఆనించి ఒకసారి నొక్కి చూసేవాడు. తలుపు తీసి లోపలికి రమ్మంటే ద్వారబంధం మూలను నొక్కేవాడు. కాబోయే అల్లుడు తాను చేసిన బల్లను మురిపెంగా చూపించిన రోజున కూడా దాని నాలుగు మూలలూ వరసగా నొక్కుతూ పోయాడు.

"ఏం మావయ్యా, పండిందా?" అన్నాడు ఆ కుర్రాడు.

అందరూ నవ్వారు. మేస్త్రి నవ్వలేదు. "ఇంకా పచ్చిగానే ఉంది," అన్నాడు. పెళ్లి మాత్రం జరిగింది.

మేస్త్రి వడ్రంగి. కొత్త సామాను చేసేవాడు కాదు. పాత ఇళ్లలో కొయ్యపనిని బతికించడం ఆయన పని. పుచ్చిన గడపను పుచ్చినంత మేరకే కోసి కొత్త ముక్క అతకడం, తలుపు రెక్క మీది తీగలో రాలిపోయిన ఆకు చోట అలాంటి ఆకునే చెక్కి పెట్టడం, బిగుసుకుపోయిన కిటికీని మళ్లీ కిటికీలా తెరుచుకునేలా చేయడం. పని అయ్యాక పాతదేదో కొత్తదేదో ఇంటివాళ్లు వెతుక్కోవాలి. ఆయన మాత్రం వెతుక్కునేవాళ్ల కోసం ఆగేవాడు కాదు. ఉలులు గుడ్డలో చుట్టుకుని వెళ్లిపోయేవాడు. మాట తక్కువ. ఇంట్లో మరీ తక్కువ.

"కొయ్య గొణిగినా ఈయనకి వినబడుతుంది. నేను అరిచినా ఆ చెవికి ఆనదు," అనేది భార్య, ఇంటికి ఎవరొచ్చినా. ఆయన ఆ మాటా విననట్టే ఉండేవాడు.

ఆయన చేతిలో పడ్డ ఇళ్లన్నిటిలోకీ పెద్దది వీధి మలుపులో ఉన్న మేడ. దాని పై అంతస్తులో వీధి మీదికి పొడుచుకొచ్చిన చెక్క వసారా ఉంది. కింద స్తంభాలు లేవు. గోడలోంచి ఏటవాలుగా పైకి లేచిన ఏడు ఊతకొయ్యలే దాన్ని మోస్తున్నాయి. చెక్కినవాడెవడో సరదా మనిషి. ఒక్కో ఊతకొయ్య మీద ఒక్కో ముఖం చెక్కాడు. చిలక, చేప, కోతి, లేడి, పాము, బాతు, ఏనుగు. ఏనుగు మరీ చిన్నది. చేప దానికన్నా పెద్దది. కోతి ముఖంలో ఆ కాలపు ఇంటి యజమాని పోలికలున్నాయని పాతవాళ్లు నవ్వుకునేవారు.

ప్రతి ఊతకొయ్య కొసనూ నాలుకలా సన్నగా చెక్కి, వసారా దూలంలో తొలిచిన తొర్రలోకి దూర్చి, అది జారిపోకుండా పక్కనుంచి వేలెడు లావు కొయ్యచీల దిగగొట్టారు. ఆ చీల తలను మాత్రం దూలానికి సమంగా కోయలేదు. గోరు మందాన బయటికి వదిలేశారు. చూసేవాళ్లకు అది ఎవరో అన్నానికి లేచి వెళ్లి మళ్లీ రానట్టు, పని అక్కడికక్కడే ఆగిపోయినట్టు ఉంటుంది. ముఖాలు అంత నాణ్యంగా చెక్కినవాడు ఈ మొండి తలల్ని ఎందుకు వదిలేశాడని ఎవరైనా అడిగితే మేస్త్రి జవాబు చెప్పేవాడు కాదు.

జవాబు వాళ్ల నాన్న నుంచి వచ్చింది. ఆయనా నోటితో చెప్పలేదు. కొడుకును నిచ్చెన ఎక్కించి, వాడి బొటనవేలు పట్టుకుని ఒక్కో తల మీదా ఆనించి నొక్కించాడు. ఏం తెలిసిందని అడిగాడు. ఏం తెలియలేదంటే దిగమన్నాడు. మరుసటేడు మళ్లీ ఎక్కించాడు. కొన్నేళ్ల తర్వాత ఒక రోజున కొడుకు, "నాన్నా, ఇది పోయినసారి ఇక్కడ లేదు," అన్నాడు. ఆ రోజు నుంచి నాన్న నిచ్చెన ఎక్కడం మానేశాడు.

కొయ్య ఎండకు ముడుచుకుంటుంది, వానకు ఉబ్బుతుంది. అతుకు సుఖంగా ఉన్నన్నాళ్లూ చీల తల ఉన్నచోటే ఉంటుంది. లోపల నాలుక పుచ్చినా, దూలం పక్కకు జరిగినా, అన్నిటికన్నా ముందు కదిలేది చీలే. వెంట్రుకవాసి బయటికి వస్తుంది, లేదా లోపలికి పోతుంది. కంటికి అందదు. వేలికి అందుతుంది. అందుకే తల కోయరు. కోస్తే అతుకు గొంతు నొక్కినట్టే.

ఈ సంగతి మేస్త్రి వంశంలోని వడ్రంగులకు తప్ప ఎవరికీ తెలియదు. మేస్త్రికి కొడుకులు లేరు. అల్లుడు వడ్రంగే. మంచి పనివాడే. కానీ అతనిది యంత్రం రంపం, యంత్రం బరమా, అద్దంలా మెరిసే పాలిష్. అడిగితే చెబుదామని మామ. పిలిచి చెబితే నేర్చుకుందామని అల్లుడు. ఆ రెండు మర్యాదల మధ్యా ఏళ్లు గడిచిపోయాయి.

ఏటా వానలు మొదలయ్యే ముందు మేస్త్రి ఆ ఏడు చీలల్నీ చూసేవాడు. ఆ సంవత్సరమూ చూశాడు. సాయంత్రపు ఎండ దూలాల కిందికి దూరి వస్తోంది. నిచ్చెన దారికి అడ్డంగా ఉందని కింద ఎవరో సైకిల్ బెల్లు అదేపనిగా మోగిస్తున్నారు. ఒక తల మీద ఆయన వేలు ఆగిపోయింది.

బయటికి వచ్చింది. ఎక్కువ కాదు. వేలు తీసి మళ్లీ పెట్టాడు. పళ్ల మధ్య ఇరుక్కున్న పీచులా ఆ తేడా తగులుతూనే ఉంది. రేపు వచ్చి కింద ఊతం పెట్టి, చీల లాగి, లోపల ఏం జరిగిందో చూడాలి అనుకున్నాడు. జేబులో సుద్దముక్క ఉంది. గుర్తు పెట్టలేదు. ఆ ఇంట్లో ఏది ఎక్కడుందో గుర్తు పెట్టుకోవలసిన అవసరం ఆయనకు ఎన్నడూ రాలేదు.

ఆ రాత్రి భోజనానికి కూర్చోబోతూ పక్కకు ఒరిగిపోయాడు. కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి. మూతి ఒక పక్కకు లాగేసింది.

ఆసుపత్రి, తర్వాత మంచం. భార్య స్నానం చేయించేది, తినిపించేది, తిట్టేది. "ఇన్నాళ్లకు నా మాటలు వింటున్నారు. లేచి పోదామంటే కాళ్లు లేవుగా," అని నవ్వబోయి కళ్లు తుడుచుకునేది. వానలు వచ్చి పోయాయి. మెల్లగా మాట తిరిగింది. కాలు నేల మీద ఆనింది. డాక్టరు పిడికిలి బిగించమంటే బిగించాడు. గ్లాసు పట్టుకోమంటే పట్టుకున్నాడు. అదృష్టవంతులు, చెయ్యి వచ్చేసింది అన్నాడు డాక్టరు.

కానీ ఆ సాయంత్రం మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. ఎండ గుర్తుంది. బెల్లు గుర్తుంది. వేలి కింద ఆ తేడా, నిన్ననే తగిలినంత స్పష్టంగా గుర్తుంది. దాని పక్కన ఉన్న ముఖమేదో గుర్తు లేదు. కళ్లు మూసుకుంటే చిలక వచ్చేది. చిలకే అనుకునేలోగా బాతు వచ్చేది. ఏడు ముఖాలూ ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆయన్ని చూసి పోయేవి. అందులో ఒకటి అబద్ధమాడుతోంది.

ఆ మధ్యలోనే మేడ చేతులు మారింది. బట్టల కొట్టు నడిపే ఆవిడ దాన్ని కొన్నది. పైవూళ్ల నుంచి వచ్చేవాళ్లు దిగేందుకు బసగా మార్చాలనుకుంది. పాత కొయ్యపని అంతా బాగు చేయడానికి మనిషి కావాలంటే మేస్త్రి కూతురు వెళ్లి, మా నాన్న మంచంలో ఉన్నాడు, మా ఆయన ఉన్నాడు అని చెప్పి పని తెచ్చింది. అల్లుడికి అది మొదటి పెద్ద పని. ఆ కబురు చెప్పినప్పుడు మేస్త్రి మంచం మీద నుంచి, "ఒళ్లు దగ్గర పెట్టుకుని చెయ్యమను," అన్నాడు. ఒక చీల కదిలిన సంగతి తాను లేచాక తానే చూసుకోవచ్చనుకున్నాడు. తలలు ఉన్నాయిగా, అవే చెబుతాయి. వాటిని కోసే వడ్రంగి ఈ లోకంలో ఉంటాడని ఆయన ఊహకు అందలేదు.

బస తెరవడానికి ముందు రోజు కూతురు వచ్చి తీసుకెళ్లింది. "కళ్లారా చూద్దువుగాని రా నాన్నా. ఆయన నిద్రలో కూడా పాలిష్ పాలిష్ అంటున్నాడు."

ఆటో దిగి మేస్త్రి తల ఎత్తి చూశాడు. మేడ మెరుస్తోంది. తడిసిన జంతువు ఒళ్లు మెరిసినట్టు మెరుస్తోంది. చిలక మెడ, పాము పడగ, ఏనుగు చెవి, అన్నీ తేనె రంగులో నున్నగా ఉన్నాయి. అల్లుడు మెట్ల మీద నిలబడి ఉన్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకదాన్నొకటి తుడుచుకుంటున్నాడు.

"ఎలా ఉంది మావయ్యా?"

మేస్త్రి కళ్లు ఊతకొయ్యల కొసల్లో వెతుకుతున్నాయి.

"చూశావా, నోట మాట రావట్లేదు," అంది కూతురు మొగుడితో.

"తలలేవి?" అన్నాడు మేస్త్రి.

"అన్నీ ఉన్నాయిగా మావయ్యా. చిలక ముక్కు విరిగిపోయి ఉంటే కొత్తది పెట్టాను. ఎక్కడ అతికానో కనిపెట్టండి చూద్దాం."

"చీల తలలు."

అల్లుడి ముఖం వెలిగింది. "అవా! ఎవడు వదిలేశాడోగానీ మొటిమల్లా ఉండేవి. అన్నీ సమంగా కోసేసి, లప్పం పెట్టి, గరుకు కాగితం పట్టి, మూడు చేతులు పాలిష్ కొట్టాను. ఇప్పుడు చీల ఎక్కడుందో నన్నడిగినా చెప్పలేను."

మేస్త్రి మెట్టు మీద కూర్చున్నాడు. కూతురు కంగారుగా భుజం పట్టుకుంది. ఆయన ఆ చెయ్యి తీసేశాడు. జీవితంలో మొదటిసారి ఆ చీలల గురించి నోరు విప్పాడు. మూతి ఇంకా కొంచెం లాగుతూనే ఉంది. మాట మాటకూ ఆగుతూ చెప్పాడు. తల ఎందుకు ఉంచుతారో చెప్పాడు. ఆ సాయంత్రం వేలికి ఏం తగిలిందో చెప్పాడు.

అల్లుడు వింటూ వింటూ మెల్లగా వసారా వైపు తిరిగాడు.

"ఏది మావయ్యా? ఏ చీల?"

"గుర్తు లేదు."

"చిలకదా, చేపదా, ఎటుపక్కది? కనీసం అదైనా..."

"గుర్తు లేదన్నానుగా."

అల్లుడి మెడ నరాలు పొంగాయి. "ఒక్క మాట. ఇన్నేళ్లలో ఒక్క మాట చెప్పుంటే నేను ఆ తలల జోలికి వెళ్లేవాణ్ణా? నేను పరాయివాణ్ణా?"

"కోసే ముందు ఒక్క మాట అడిగుంటే?"

"మంచంలో పడి ఉన్న మనిషిని మొటిమలు కొయ్యనా వద్దా అని అడుగుతారా?"

"ఇద్దరూ ఊరుకోండి," అంది కూతురు. "విప్పి చూస్తే సరి కదా."

ఆ మాటకు ఇద్దరు వడ్రంగులూ ఒకేసారి తల అడ్డంగా ఊపారు. చీలకు తల ఉంటే పట్టుకుని లాగొచ్చు. తల లేని చీలను బరమాతో తొలవాలి. ఊతం లేకుండా తొలిస్తే, ఏ చీలకైనా మిగిలి ఉన్న పట్టు కాస్తా పోతుంది. ఊతాలు పెట్టాలంటే దుంగలు కావాలి, వీధి మూయాలి. రేపు పొద్దున్నే జనం వస్తారు.

బట్టల కొట్టావిడ ఆ సమయానికి లోపలి నుంచి వచ్చింది. హుషారైన మనిషి. నడిచినా పరుగెత్తినట్టే ఉంటుంది. "ఏమిటి మేస్త్రిగారూ, దిష్టి తగిలిన ముఖం పెట్టారు? అల్లుడు మిమ్మల్ని మించిపోయాడనా?"

మేస్త్రి చెప్పాడు. ఆవిడ నవ్వు కొంచెంకొంచెంగా తగ్గింది, కానీ పూర్తిగా పోలేదు.

"నిన్న ఆ వసారాలో మంచాలు ఈడ్చాం. ఏమీ కాలేదే."

"మంచాలు కదలవమ్మా. మనుషులు కదులుతారు. నవ్వుతారు, ఒకళ్ల మీద ఒకళ్లు పడతారు."

రేపటి సంగతి అందరికీ తెలుసు. ఇంటికి పనిచేసినవాళ్లందరూ పెళ్లాం పిల్లలతో వచ్చి వసారాలో వరసగా నిలబడాలని, వీధి అవతలి నుంచి ఫోటో తీయిస్తానని, దాన్ని పెద్దది చేయించి ముందు గదిలో పెడతానని ఆవిడే చెప్పింది. కూతురు అప్పటికే కట్టుకోవలసిన చీర ఇస్త్రీ చేయించి పెట్టుకుంది.

"మేస్త్రిగారూ," అంది ఆవిడ, ఈసారి మెల్లగా. "మీరు చెబితే కాదనను. కానీ చూస్తే ఏడూ బాగానే ఉన్నాయి, ఒకటి బాగాలేదని మీరంటున్నారు, అదేదో తెలియదంటున్నారు. ఏది కదులుతోందో నాకు చూపించండి. వసారా తలుపుకు తాళం వేసి తాళం చెవి మీ చేతికే ఇస్తాను. చూపించలేకపోతే మాత్రం రేపు నా పని నన్ను చేసుకోనివ్వండి."

న్యాయమైన మాట. మేస్త్రి లేచాడు. "నిచ్చెన వెయ్యి," అన్నాడు అల్లుడితో. "నువ్వు పైకెళ్లి నడు. నేను కింద చెయ్యి పెట్టి చూస్తా. తల లేకపోతేనేం, బరువు పడితే అతుకు దగ్గర కొయ్య తెలియకపోదు."

"నువ్వు నిచ్చెన ఎక్కడమేమిటి నాన్నా?"

"ఎక్కడం కాలు పని. కాలు బాగానే ఉంది."

అల్లుడు పైకి వెళ్లాడు. మేస్త్రి నిచ్చెన ఎక్కాడు. కూతురు కింద రెండు చేతులతో నిచ్చెనను పట్టుకుంది. మధ్యాహ్నపు వీధి పల్చగా ఉంది. ఎదురింటి మెట్ల మీద పడుకున్న కుక్క లేచి, ఒళ్లు విదిలించుకుని, అవతలికి వెళ్లి పడుకుంది.

చిలక దగ్గర మేస్త్రి ఊతకొయ్యా దూలమూ కలిసేచోట బొటనవేలు ఆనించాడు. "నడు," అన్నాడు. పైన అల్లుడి అడుగులు వచ్చాయి, పోయాయి. ఏమీ లేదు. నిచ్చెన జరిపారు. చేప. ఏమీ లేదు. కోతి. లేడి. "గట్టిగా తొక్కు," అని అరిచాడు. పైన చెక్కలు ధడధడమన్నాయి. వేలు కింద రాయిలా ఉంది. పాము, బాతు, ఏనుగు. ఏమీ లేదు.

మళ్లీ మొదటి నుంచి చూస్తానన్నాడు. మళ్లీ చూశాడు. ఏడూ రాళ్లే.

దిగాడు. బట్టల కొట్టావిడ ఊపిరి పీల్చుకుంది. "చూశారుగా. రోగం మీకొచ్చింది, ఇంటికి కాదు," అంది. మాట మోటుగా వచ్చినా అందులో ఆపేక్ష ఉంది. అల్లుడు చెమట తుడుచుకుంటూ మెట్లు దిగి వచ్చాడు. అతని ముఖంలో గెలుపు లేదు, బరువు దించుకున్న అలసట ఉంది. "పోన్లెండి మావయ్యా. మీకు అనుమానం తీరింది, అది చాలు. ఎండకు సర్దుకుని ఉంటుంది."

మేస్త్రి కూడా అదే అనుకోబోయాడు. కొయ్య ఒక్కోసారి సర్దుకుంటుంది. ఆయన కళ్లారా చూశాడు అలాంటివి. అందరూ నవ్వుతున్నారు. తానూ నవ్వేస్తే సరిపోతుంది.

"నాన్నా, రక్తం!" అంది కూతురు.

ఆయన బొటనవేలు నుంచి రక్తం మణికట్టు దాకా కారి, చొక్కా చేతికి అంటుకుంది. నిచ్చెన పేడు ఒకటి, సగం అగ్గిపుల్లంత ఉంది, వేలి మెత్తటి భాగంలో అడ్డంగా దిగి ఉంది. ఎప్పుడు దిగిందో ఆయనకు తెలియదు. చిలక దగ్గరే దిగిందో, ఏనుగు దగ్గరో. అంత పేడు గుచ్చుకుని, దాని మీదే అన్నిసార్లు నొక్కి, ఆయనకు నొప్పి తెలియలేదు.

కూతురు పేడు లాగింది. ఆయన ఆమె ముఖం వైపే చూస్తున్నాడు, వేలు వంక చూడకుండా. "లాగావా?" అన్నాడు.

"లాగేశాను. నొప్పి లేదా?"

ఆయన ఆ చేతిని ఎడమ చేత్తో పట్టుకున్నాడు. బొటనవేలిని గోడకు రుద్దాడు. గోడ లేదు. మెట్టు అంచుకు రుద్దాడు. మెట్టు లేదు. గ్లాసు పట్టుకోవడం వచ్చింది, పిడికిలి బిగించడం వచ్చింది. డాక్టరు అవే అడిగాడు. తానూ అంతకన్నా కోరుకోలేదు. మంచం దిగినప్పటి నుంచి ఆ వేలు ఏదీ చెప్పలేదని, తాను దాన్ని ఏమీ అడగలేదని ఆయనకు ఇప్పుడు తెలిసింది.

ఏడూ రాళ్లలా ఉన్నాయంటే, రాయి తన వేలే.

నోరు మూసుకుని ఇంటికి పోవచ్చు. అల్లుడి పని నిలబడుతుంది. ఇల్లు ఎన్నేళ్లు నిలబడలేదు, ఇంకో రోజు నిలబడదా. బహుశా నిలబడుతుంది. ఆ 'బహుశా' మీద రేపు కూతురు ఇస్త్రీ చీరతో నిలబడుతుంది.

"అమ్మా," అన్నాడు బట్టల కొట్టావిడతో. "నేను చూసింది లెక్కలోకి రాదు. నా చెయ్యి చచ్చిపోయింది."

ఆయన అల్లుడి వైపు తిరిగాడు. "నువ్వెక్కు నిచ్చెన. నేను పైకెళ్లి నడుస్తా."

"నాకేం తెలుస్తుంది మావయ్యా? నేనెప్పుడూ పట్టి చూడలేదు."

"తెలియకపోతే తెలియలేదని చెప్పు. తెలిసినట్టు మాత్రం చెప్పకు."

కూతురు అడ్డం నిలబడింది. "నాన్నా, నీ కాలు ఇంకా ఈడుస్తున్నావు. నేను నడుస్తాను."

"నీ అడుగు తేలిక తల్లీ," అన్నాడు. ఆమెను అంత మెత్తగా ఆయన పిలిచి చాలాకాలమైంది. ఆమె పక్కకు తప్పుకుంది.

మేస్త్రి లోపలి మెట్లు ఎక్కి వసారాలోకి వచ్చాడు. పాలిష్ వాసన ఇంకా పచ్చిగా ఉంది. కింద వీధి, ఎదురిళ్ల కిటికీలు, నీలంగా ఆకాశం. ఇన్నేళ్లలో ఆయన ఈ వసారాను ఎప్పుడూ కింది నుంచే చూశాడు. పైన నిలబడి వీధిని చూసిన గుర్తు లేదు.

"చిలక," అని కింది నుంచి అల్లుడి గొంతు.

మేస్త్రి నడిచాడు. ఒక అడుగు బలంగా, ఇంకో అడుగు ఈడ్పుగా. "తెలియలేదు," అన్నాడు అల్లుడు. నిచ్చెన జరిగిన చప్పుడు. "చేప." మళ్లీ నడిచాడు. "తెలియలేదు." "కోతి." "తెలియలేదు." ఆ గొంతులో వినయం ఉంది. ఆ కుర్రాడి గొంతు అలా ఉండగలదని మామకు తెలియదు.

"లేడి," అన్నాడు అల్లుడు.

మేస్త్రి ఈడ్చే కాలు ముందుకు వేసి, దాని మీద ఒళ్లంతా మోపాడు.

"ఆగండి."

ఆగాడు.

"అడుగు తీయండి... వేయండి... తీయండి." అల్లుడి గొంతు సన్నగిల్లింది. "మావయ్యా, అరచేతి కింద ఏదో ఉంది. కదలడం అని కూడా అనలేను. నిద్రపోయేవాడి పొట్ట మీద చెయ్యేస్తే ఉంటుందే, అలా. మీరు అడుగేస్తే కిందికి, తీస్తే పైకి."

"అదే," అన్నాడు మేస్త్రి.

కింద బట్టల కొట్టావిడ, "నేనూ చూస్తున్నాను. ఊతకొయ్యకీ దూలానికీ మధ్య పాలిష్ చిట్లి గీత పడుతోంది," అంది. ఆవిడ గొంతులో నవ్వు లేదు. "చాలు. వచ్చేయండి మేస్త్రిగారూ. రేపు ఎవరూ ఎక్కరు. తలుపుకు ఇప్పుడే తాళం వేస్తాను."

మేస్త్రి వసారా నడుమ ఉన్నాడు. వచ్చిన తలుపు ఆ చివర ఉంది. ఆ తలుపు దాకా చెక్కలు మెరుస్తూ పరుచుకుని ఉన్నాయి. ఏ చెక్క ఏం మోస్తోందో ఆయనకు కంఠతా వచ్చు. కానీ ఈ క్షణం ఆ కింద ఏం జరుగుతోందో తెలిసిన చెయ్యి ఆయనది కాదు.

"చెయ్యి తియ్యకు," అన్నాడు కిందికి. "నేను వెళ్తున్నా. చెబుతూ ఉండు."

"వేయండి," అన్నాడు అల్లుడు. వేశాడు. "వేయండి." వేశాడు. "ఆగండి... ఆ. ఇప్పుడు వేయండి. గోడ పక్కగా." మామ గోడ పక్కకు జరిగాడు. ఇంత మాట ఒకరికొకరు చెప్పుకోవడం, ఒకరు చెప్పింది ఒకరు వినడం, వాళ్లిద్దరి మధ్యా ఇదే మొదలు. "వేయండి. వేయండి మావయ్యా."

తలుపు దగ్గరికి వచ్చేసరికి కూతురు పరుగెత్తుకొచ్చి గది లోపల నుంచి చెయ్యి చాచింది. ఆయన ఆ చెయ్యి పట్టుకుని గడప దాటాడు. లోపలి నేల మీద రెండు కాళ్లూ ఆనాయి. కూతురు ఏడుస్తూ నవ్వుతూ, "వచ్చేశాడు, లోపలికి వచ్చేశాడు," అని కిటికీలోంచి మొగుడికి కేక వేసింది.

అల్లుడు కొయ్య మీది నుంచి అరచెయ్యి తీయలేదు.

"వినబడిందా? నాన్న లోపలికి వచ్చేశాడు."

"విన్నాను," అన్నాడు అల్లుడు. "మావయ్యా, పైన ఇంకెవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు."

"మరి ఇది ఆగడం లేదు."

మేస్త్రి కిటికీ దగ్గరికి వచ్చాడు. వసారా ఖాళీగా ఉంది. ఎండలో మెరుస్తోంది. దాని మీద ఒక ఎండుటాకు కూడా లేదు.

"ఇప్పుడు పైకీ కిందికీ కాదు," అన్నాడు అల్లుడు, తన చేతి వంకే చూస్తూ, ఎవరో చెవిలో చెబుతున్నది అప్పజెబుతున్నట్టు. "ఒక్క పక్కకే. మెల్లగా. పోతోంది."

"దిగు."

"కొంచెం చూసి చెబుతాను..."

"తెలిసింది చాలు. దిగు అల్లుడూ. నిచ్చెన వదిలెయ్. వదిలేసి అవతలికి పరుగెత్తు. అమ్మా, మీరూ వెళ్లండి."

అల్లుడు దూకాడు. బట్టల కొట్టావిడ వీధికి అడ్డంగా చేతులు చాచి, వస్తున్న ఇద్దరు మనుషుల్ని అక్కడే ఆపేసింది. మేస్త్రినీ కూతుర్నీ వెనక గుమ్మంలోంచి రమ్మని కేకేసింది. వాళ్లు చుట్టూ తిరిగి వచ్చేసరికి ఎదురు అరుగు మీద అందరూ గుమిగూడి ఉన్నారు. వసారా ఉన్నచోటే ఉంది. ఏడు ముఖాలూ వాటి చోట్లలోనే ఉన్నాయి. నిచ్చెన ఒంటరిగా లేడికి ఆని ఉంది.

"ఎంతసేపట్లో?" అంది బట్టల కొట్టావిడ, గొంతు తగ్గించి.

"తెలియదమ్మా," అన్నాడు మేస్త్రి.

ఆయన ఇల్లు చూడటం లేదు. అల్లుడి చెయ్యి చూస్తున్నాడు. ఆ కుర్రాడు అరచెయ్యి ఇంకా ముందుకు చాచే ఉంచాడు, వేళ్లు విప్పి, గాలిలో. ఇంకా ఆ కొయ్యకే ఆని ఉన్నట్టు, అది మెల్లగా పక్కకు జరుగుతోంది.